పేజీ బాబాయి తప్పొప్పుల పట్టిక

పేజీ బాబాయి చేతిలో పుస్తకం లేకుండా సినిమాకు వెళ్లడు.

ఇంటర్వెల్లో చదువుకోవడానికి కాదు. ఏ నవలను సినిమాగా తీశారో ఆ నవలను ఒళ్లో తెరిచి పెట్టుకుని, వేలంత టార్చిలైటు అక్షరాల మీదికి వేసుకుని, తెర మీద జరిగేదాన్ని పేజీలో ఉన్నదానితో సరిచూస్తాడు. రెండూ కలిస్తే పేజీ తిప్పుతాడు. కలవకపోతే పేజీ అంకె పైకి చెబుతాడు. తాను గొణుగుతున్నానని ఆయన నమ్మకం. ముప్ఫై ఏళ్లు లైబ్రరీ బైండింగు గదిలో అట్టలు కోసే మర పక్కన నిలబడి మాట్లాడినవాడి గొణుగుడు సగం హాలుకు వినబడుతుంది.

"నూట పదకొండు. మీసం."

అంతే. అక్కడ తెర మీద కథానాయకుడు ప్రేయసి ఒళ్లో తల పెట్టుకుని ప్రాణాలు వదులుతుంటాడు. ఏడుద్దామని రుమాళ్లు తీసినవాళ్లందరూ సరిగ్గా అప్పుడే వాడికి మీసం లేదన్న సంగతి గమనిస్తారు. గమనించాక ఇక ఏడుపు రాదు.

థియేటరు మేనేజరు మొదట్లో ఆయన్ని బతిమాలాడు, తర్వాత బెదిరించాడు, చివరికి ఆఖరి వరసలో గోడపక్క సీటు ఆయనకే వదిలేశాడు. తీరా చూస్తే ఆ చుట్టుపక్కల సీట్లే ముందు నిండటం మొదలైంది. "బాబాయ్, ఈవిడ చస్తుందా?" అని ముందు వరసలోంచి ఎవరో అడుగుతారు. "రెండు వందల ఆరో పేజీ దాకా చావదు. హాయిగా కూర్చో" అని బాబాయి అభయమిస్తాడు.

కన్నవాళ్లు పెట్టిన పేరు ఆయనకొకటి ఉండే ఉంటుంది గాని, లైబ్రరీ హాజరుపట్టీలో తప్ప అది ఎక్కడా వాడుకలో లేదు. ఆయనకంటే పదిహేనేళ్లు పెద్దవాళ్లు కూడా ఆయన్ని పేజీ బాబాయి అనే పిలుస్తారు. నిజానికి ఆయన బాబాయి అయ్యేది ఒక్కరికే, అన్నగారి కూతురు చిట్టికి.

ఇంట్లో కూడా ఆయన తీరు అంతే. పిన్ని పక్కింటావిడతో జరిగిన తగువును వివరంగా చెప్పుకొస్తుంటే మధ్యలో వేలెత్తుతాడు.

"నిన్న చెప్పినప్పుడు ఆవిడ ఎడమచేత్తో తలుపేసింది. ఇవాళ కుడిచెయ్యి అయింది."

"ఏ చేత్తో వేస్తేనేం, నా మొహం మీదే కదా వేసింది."

"అయినా మొదటి ముద్రణలో ఎడమ."

"మీకు పెళ్లి చెయ్యకుండా ఉండాల్సింది. కోడిగుడ్డు మీద ఈకలు పీకే ఉద్యోగం ఏదైనా వేయించాల్సింది" అని పిన్ని లోపలికి వెళ్లి తలుపేసుకుంటుంది. ఏ చేత్తో తలుపేసిందో బాబాయి జాగ్రత్తగా చూసి గుర్తుపెట్టుకుంటాడు.

ఇక చిట్టి సంగతి. ఆమె బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెబుతుంది. సాయంకాలాలు నాటకాలు వేస్తుంది. ఆ గొంతుకు ఒక గుణముంది. "సమయం తొమ్మిది గంటల పది నిమిషాలు" అని ఆమె అనగానే బస్టాండులో ఉన్నవాళ్లందరూ మణికట్టు చూసుకుంటారు. గడియారం పెట్టుకోనివాళ్లు కూడా ఉత్త మణికట్టును చూసుకుని తల ఆడిస్తారు.

ఒకసారి ఒక ప్రయాణికుడు ఆ గొంతును మెచ్చుకోవాలని వెతుక్కుంటూ మైకు గదికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఆమెను ఎగాదిగా చూశాడు. ఆమెది ముదురు చామనఛాయ, ఇంకా దాచుకోకుండా చెప్పాలంటే నలుపు. "ఆ మాట్లాడే అమ్మాయిని కొంచెం పిలువమ్మా" అన్నాడు. చిట్టి సరేనని వెనక్కి వెళ్లి, మైకు మీట నొక్కి, "మాట్లాడే అమ్మాయి వచ్చింది. గుమ్మంలో ఉన్న పెద్దమనిషి తన విషయం చెప్పుకోవచ్చు" అని బస్టాండంతా మోగేలా చెప్పింది. ఆ పెద్దమనిషి తన బస్సు ఎక్కకుండా వేరే బస్సెక్కి వెళ్లిపోయాడని చెప్పుకుంటారు.

ఇలా ఆమె బతుకు ఆమె బతుకుతుండగా బాబాయి గొడుగు ఆమె మీదికొచ్చి పడింది.

అదెలాగంటే, ఒక దర్శకుడు ఒక నవలను సినిమాగా తీశాడు. అందులో హంతకుడి గొడుగు నవలలో నలుపు, సినిమాలో పసుపుపచ్చ. బాబాయి ఆయనకు నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. ఒక్క గొడుగు గురించే నాలుగు పేజీలు. ఆ దర్శకుడు జవాబు రాయలేదు. ఒకరోజు ఏకంగా మనిషే వచ్చి బైండింగు గది గుమ్మంలో నిలబడ్డాడు.

"నా సినిమాను నాకంటే శ్రద్ధగా చూసినవాళ్లు మీరొక్కరే సార్" అన్నాడు. "ఈసారి గడియారం పిల్ల నవల తీస్తున్నాను. ముందే మీకు చెప్పుకుని మొదలుపెడదామని."

గడియారం పిల్ల నవల గురించి తెలియనివాళ్లు ఆ ఊళ్లో లేరు. ఊరి మధ్య ఎత్తైన మేడ మీద పెద్ద గడియారం, దానికి కీ ఇచ్చే తండ్రి మంచాన పడితే ఆ పని నెత్తికెత్తుకున్న కూతురు, వరదొచ్చి ఊరంతా చీకట్లో మునిగినప్పుడు కిందికి దిగకుండా పైనుంచే గంటలు కేకేసి చెబుతూ జనానికి ధైర్యమిచ్చిన కథ. బాబాయి మరకు తాళం వేసి, దర్శకుడిని జిగురు డబ్బా మీద కూర్చోబెట్టి, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. ఇరవయ్యో పేజీ దాకా వచ్చేసరికి, లైబ్రరీ గోడకు ఆనుకునే ఉన్న బస్టాండులోంచి చిట్టి గొంతు కిటికీలోకి వచ్చింది. "సమయం నాలుగు గంటలు."

దర్శకుడు మణికట్టు చూసుకున్నాడు. చూసుకుని, మళ్లీ కిటికీకేసి చూశాడు.

"ఎవరిదా గొంతు?"

"మా అన్నయ్య కూతురిది" అన్నాడు బాబాయి. "ఇరవై ఒకటో పేజీ వినండి."

దర్శకుడు వినలేదు. అప్పటికే సగం మెట్లు దిగిపోయాడు.

చిట్టిని గడియారం పిల్ల వేషానికి తీసుకున్నారన్న కబురు బొమ్మతో సహా పత్రికలో వచ్చిన రోజునుంచి ఊరికి వేరే పని లేకుండా పోయింది. "మా గడియారం పిల్ల ఇలా ఉండదు" అన్నారు చదివినవాళ్లు. చదవనివాళ్లు అంతకంటే గట్టిగా అన్నారు. జన్మలో పుస్తకం ముట్టని మంగలి కూడా కత్తి గాల్లో ఆపి, "నవలలో అలా లేదండీ" అన్నాడు. గెడ్డం కింద కత్తి ఉన్నవాళ్లెవరూ కాదనలేదు.

అందరికంటే ఎక్కువ కష్టపడ్డది లెక్కల మాస్టారు. ఉద్యోగం విరమించాక పాఠకుల సంఘం అధ్యక్షుడైన పెద్దమనిషి. ఆ నవలను పంతొమ్మిదిసార్లు చదివాడు. గడియారం పిల్ల ఆయన మనసులోకి పెళ్లికి ముందే వచ్చి, పెళ్లయ్యాక కూడా ఖాళీ చెయ్యలేదు. "నలభై ఏళ్లుగా నా కళ్లముందు తిరుగుతున్న మనిషిని ఒక్క పూటలో మార్చేస్తామంటే ఎలా ఊరుకుంటాను?" అని ఆయన సంఘం సభ్యులందరి చేతా సంతకాలు పెట్టించాడు. నిర్మాతలకు గుబులు పుట్టింది. పాఠకులే రాకపోతే ఆ సినిమా ఎవరు చూస్తారు? ఆదివారం లైబ్రరీ హాల్లో సభ పెట్టండి, సంఘం వద్దంటే అమ్మాయిని మార్చేస్తామని కబురంపారు.

చిట్టి మాత్రం ఇదంతా చూసి నవ్వింది. ఆమెకు ఆ నవల కంఠతా వచ్చు. విలేకరి వచ్చి అడిగితే మైకు ముందు చెప్పినంత ధీమాగా చెప్పింది.

"నవలలో ఆ పిల్ల నా రంగే. నలభై ఆరో పేజీ చూసుకోమనండి. 'మంచి పుస్తకాలకు వేసే తోలు రంగు' అని స్పష్టంగా ఉంది. నమ్మకపోతే మా బాబాయిని అడగండి."

మర్నాడు ఊళ్లో ఇంటింటా నలభై ఆరో పేజీ తెరిచారు. తోలు లేదు. 'పాలనురుగు రంగు' అని ఉంది. ఆ పేజీని ఫోటో తీసి, ఆ వరస కింద ఎర్రగీత గీసి, ఒకరి ఫోను నుంచి ఒకరి ఫోనుకు పంపుకున్నారు. సాయంత్రానికి ఆ గీత చిట్టి ఫోనుకు కూడా వచ్చింది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే.

ఆమె లైబ్రరీకి పరుగెత్తి, బీరువాలో ఉన్న పదకొండు ప్రతులూ ఒక్కొక్కటే తెరిచింది. పదకొండింట్లోనూ పాలనురుగే. తాను ఆ పుస్తకాన్ని ఎప్పుడూ కంటితో చదవలేదని ఆమెకు అప్పుడు తట్టింది. అమ్మానాన్నా మిల్లులో వేర్వేరు షిఫ్టులు చేసే రోజుల్లో, బడి వదలగానే బైండింగు గదికి వచ్చి కూర్చునేది. అక్కడ బాబాయి చదువుతుంటే విన్నది. ఆ తర్వాత మళ్లీ చదవాలనిపించలేదు, ఎందుకంటే అంతా గుర్తే.

బాబాయి పుస్తకం వెన్నుకు జిగురు రాస్తున్నాడు. ఆమె ప్రతిని ఆయన ముందు పెట్టి వేలితో చూపించింది.

"ఇందులో తోలెక్కడుంది బాబాయ్?"

ఆయన కుంచె గిన్నెలో పెట్టాడు. "లేదు" అన్నాడు.

"గొడుగు రంగు మారిందని నాలుగు పేజీలు రాస్తావు. మీసం పోయిందని హాలంతా లేపుతావు. నాకు మాత్రం లేనిది చదివావు. ఇవాళ ఊరందరి ముందూ నా చేత అబద్ధం ఆడించావు."

"ఆ వారం మీ బళ్లో నాటకం" అన్నాడు బాబాయి.

చిట్టి పుస్తకం మూసింది.

"దేవకన్య వేషం అడిగావట. దేవకన్య తెల్లగా ఉండాలని చెప్పి నీకు చెట్టు వేషం ఇచ్చారు. నాకు నువ్వు చెప్పలేదు, మీ అమ్మ చెప్పింది. నేను నాటకానికి వచ్చాను కూడా. చాలా మంచి చెట్టువి."

"బాబాయ్."

"మర్నాడు నలభై ఆరో పేజీకి వచ్చాం. ఏడేళ్లదానివి, ఆ బల్ల మీద కాళ్లూపుకుంటూ నా నోటికేసి చూస్తున్నావు. పాలనురుగు అన్న మాట పళ్ల దాకా వచ్చింది. బయటికి రాలేదు. ఎదురుగా తోలు చుట్ట ఉంటే దాన్ని చూసి చదివేశాను. నువ్వు వెంటనే నీ చెయ్యి తిప్పి చూసుకున్నావు. చూసుకుని నవ్వావు. ఇక నేనేం చెయ్యను చెప్పు."

చిట్టి కళ్లు తుడుచుకుంది.

"ఒక్కచోట మారిస్తే సరిపోతుందా" అని బాబాయి గోడు వెళ్లబోసుకున్నాడు. "ఎనభై మూడో పేజీలో బుగ్గలు గులాబీలవుతాయి. నూట యాభైలో దూరాన్నుంచి తెల్లగా కనబడుతుంది. నువ్వేమో మర్చిపోయే పిల్లవి కాదు. అన్నీ ముందే చూసుకుని సర్దుకుంటూ రావడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

"మరి ఆదివారం ఏం చెప్తావు?"

"ఉన్నది చెప్తాను" అని కుంచె తీసుకున్నాడు. చిట్టికి ఆ మాటతో ఆశ వదిలిపోయింది. ఉన్నది చెప్పకుండా ఉండటం బాబాయికి చేతకాదని ఆమెకు తెలుసు.

ఆదివారం సాయంత్రం హాలు కిటకిటలాడింది. దర్శకుడూ నిర్మాతలూ ముందు వరసలో, చిట్టీ పిన్నీ రెండో వరసలో కూర్చున్నారు. మాస్టారు లేచి, "మనం వాదించుకోవడమెందుకు? పేజీ బాబాయిగారు చెబుతారు. ఆయన మాటే మా సంఘం మాట" అన్నాడు.

బాబాయి వేదికెక్కాడు. ఒకే పుస్తకం, వేలంత టార్చి. హాల్లో దీపాలన్నీ వెలుగుతున్నా అలవాటు కొద్దీ టార్చి వేసుకున్నాడు.

"'మేడ కిటికీలోంచి తొంగి చూసిన ఆ పిల్ల పాలనురుగు రంగులో ఉంది.' నలభై ఆరు. కింది నుంచి ఆరో వరస."

హాలు చప్పట్లతో అదిరింది. నిర్మాతలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిట్టి తలవంచుకుంది.

"ఇంకా అయిపోలేదు" అన్నాడు బాబాయి. "ఈ పుస్తకానికి తప్పొప్పుల పట్టిక ఒకటుంది."

"నాకు తెలియకుండానా? ఏ ముద్రణలో?" అన్నాడు మాస్టారు.

"ఒకే ప్రతి వేసిన ముద్రణ. పాఠకురాలు కూడా ఒక్కతే."

అట్ట లోపలి నుంచి పసుపుబారిన కాగితం ఒకటి తీసి, టార్చి దాని మీదికి తిప్పాడు.

"నలభై ఆరు. తప్పు, పాలనురుగు. ఒప్పు, మంచి పుస్తకాలకు వేసే తోలు. ఎనభై మూడు. తప్పు, గులాబీ బుగ్గలు. ఒప్పు, నవ్వే బుగ్గలు. నూట యాభై. తప్పు, దూరాన్నుంచి తెల్లగా కనబడింది. ఒప్పు, దూరాన్నుంచి కూడా ఆ పిల్లేనని తెలిసింది."

అలా ఎనిమిది చదివాడు.

"ఈ ఎనిమిదీ నేను చేసిన నేరాలు. పంతొమ్మిదేళ్ల కిందట మా అన్నయ్య కూతురికి ఈ పుస్తకం ఇలా చదివాను. అప్పటినుంచీ ఆ తప్పు గుచ్చుకుంటూనే ఉంది. ఇంకెవరూ ఏ పుస్తకాన్నీ ఊరికే మార్చకూడదని అందుకే కాపలా కాస్తున్నాను. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు ఇన్నాళ్లూ మీరంతా నన్ను నమ్మారు."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"కానీ ఒక్క సంగతి చెప్పుకోవాలి. ఎనిమిది చోట్ల మార్చి మొత్తం పుస్తకం చదివాను. మేడకు రెండు వందల పద్నాలుగు మెట్లే ఉన్నాయి. గడియారం ఒక్క నిమిషం వెనకబడలేదు. వరద వచ్చింది, ఆ పిల్ల దిగలేదు. కథ ఎక్కడా ఆగలేదు. ఆ రంగుకు ఈ పుస్తకంలో చేసే పనేమీ లేదని నాకు అప్పుడే తెలిసింది."

"మరి గొడుగు?" మాస్టారు లేచాడు. ఆయన లెక్క వదిలే మనిషి కాదు. "గొడుగు రంగుకు నాలుగు పేజీలు రాశారు కదా?"

"గొడుగుకు పనుంది మాస్టారూ. నల్లగొడుగు కాబట్టే వాడు వానలో పోలీసులకు కనబడకుండా పారిపోయాడు. పసుపుపచ్చ గొడుగు వేసుకున్నవాణ్ని పట్టుకోలేకపోతే పోలీసులంతా గుడ్డివాళ్లయి ఉండాలి."

హాలు నవ్వింది. దర్శకుడు చేతులు జోడించాడు. మాస్టారు నవ్వలేదు. కాస్త గొంతు తగ్గించి అడిగాడు.

"నలభై ఏళ్లుగా నా దగ్గరున్న పిల్ల ఏమైపోవాలి బాబాయిగారూ?"

"ఎక్కడికీ పోదు. మీ ప్రతి మీ ఇంట్లోనే ఉంటుంది. ఊడిపోకుండా నేనే రెండుసార్లు కుట్టాను కదా" అన్నాడు బాబాయి.

అప్పుడు చిట్టి లేచి నిలబడింది. మైకు దగ్గరికి కూడా వెళ్లలేదు. నవలలో పిల్ల మేడ మీద నుంచి వేసే కేకను, ఏడేళ్లప్పుడు బైండింగు గదిలో నేర్చుకున్నట్టే వేసింది.

"ఆరు గంటలైంది. మేడ మీద నేనున్నాను. అందరూ నిమ్మళంగా ఉండండి."

హాల్లో ఉన్న మూడు వందల మందీ మణికట్టు చూసుకున్నారు. నిర్మాతలు చూసుకున్నారు. మంగలి చూసుకున్నాడు. మాస్టారు కూడా చూసుకుని, తన గడియారం రెండు నిమిషాలు వెనకుందని మర తిప్పి సరిచేసుకున్నాడు.

వేదిక మీద బాబాయి గొణిగాడు. "ఇరవై రెండు."

"ఇరవై రెండులో ఏముంది?" అన్నాడు దర్శకుడు.

జవాబు చెప్పింది మాస్టారు. పుస్తకం చూడలేదు, ఆయనకు అక్కర్లేదు. "'ఆమె గొంతు వినగానే ఊరంతా తలలు వంచి తమ గడియారాలు సరిచూసుకునేది.' పై నుంచి మూడో వరస" అన్నాడు. మణికట్టు ఇంకా ఎత్తే ఉంది. దాన్ని కాసేపు చూసి, "అచ్చం పుస్తకంలో ఉన్నట్టే ఉంది" అని కూర్చున్నాడు.

నిర్మాతలకు ఇక మార్చాల్సినదేమీ మిగల్లేదు.

ఆ ఏడాదంతా చిట్టి షూటింగులకు తిరిగింది. పెద్ద పెద్ద దీపాల ముందు నిలబడి, ఎదురుగా వందమంది తన మొహం వంకే చూస్తున్నా ఆమెకు బెదురు పుట్టలేదు. అందుకు ఎవరికి రుణపడి ఉందో ఆమెకు తెలుసు. లోకం చెట్టు వేషం ఇచ్చిన మర్నాడే ఒక మనిషి తన నియమాన్ని తానే మింగేసి మేడ మీద చోటిచ్చాడు. పైగా ఆ సంగతి పంతొమ్మిదేళ్లు దాచాడు. ఇంతకంటే ఒక బాబాయి ఏం చేయగలడని తలుచుకున్నప్పుడల్లా ఆమె గుండె నిండిపోయేది.

సినిమా విడుదలైన రోజు ఆఖరి వరసలో గోడపక్క సీట్లో బాబాయి, ఆయన పక్కన చిట్టి, ఆ పక్కన పిన్ని. ఒళ్లో పుస్తకం తెరిచే ఉంది. దీపాలు ఆరాయి. ఆయన టార్చి మీట నొక్కాడు. వెలగలేదు. రెండుసార్లు అరచేతిలో కొట్టి, "అరెరె" అని పక్కన పెట్టేశాడు. హాలంతా పేజీ అంకె కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంది. ఒక్క అంకె కూడా రాలేదు. మధ్యలో ఎవరో ఉండబట్టలేక, "బాబాయ్, పుస్తకంలో ఉన్నట్టే ఉందా?" అని అడిగారు. "నాకేం తెలుసు? చీకట్లో కనబడి చావట్లేదు" అన్నాడు.

బయటికొచ్చాక చిట్టి అడిగింది. "తప్పులెన్ని బాబాయ్?"

"చెప్పానుగా, టార్చి వెలగలేదు."

"ఎలా వెలుగుతుంది?" అని పిన్ని సంచీలోంచి రెండు చిన్న బ్యాటరీలు తీసి చిట్టి అరచేతిలో పోసింది. "పొద్దున్నే తీసి నా చేతికిచ్చారు. ఎవరికీ చెప్పొద్దన్నారు."

బాబాయి వినబడనట్టు నడిచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. ఇక పట్టలేకపోయాడు.

"మేడకు రెండు వందల పద్నాలుగు మెట్లు. నువ్వు ఎక్కింది రెండు వందల పన్నెండే."

"పుస్తకం చూడలేదన్నావుగా."

"పుస్తకం ఎక్కడ చూశాను? నిన్నే చూస్తూ కూర్చున్నాను" అన్నాడు బాబాయి. "మిగతా రెండూ ఎప్పుడెక్కుతావు?"